బంగాళాఖాతం తుపానులోకి ఒక విమానం పంపండి

కేంద్ర భూవిజ్ఞాన శాఖ మంత్రి గారికి,



2025 అక్టోబరు 28 రాత్రి, మన గడియారం లెక్కన పదిన్నర ప్రాంతంలో, మెలిస్సా అనే హరికేన్ జమైకా తీరాన్ని తాకింది. ఆ రాత్రే, మరో గంటా రెండు గంటల తేడాతో, మొంథా తుపాను నరసాపురం దగ్గర మా తీరం దాటింది. బలంలో రెండిటికీ పొంతనే లేదు. మెలిస్సా గాలులు గంటకు 300 కిలోమీటర్లకు దగ్గర దగ్గరగా వీచాయి. మొంథావి 90 నుంచి 100, ఉండుండి 110. ఆ మాత్రంతో పోయినందుకు మేం దేవుడికి దండం పెట్టుకున్నాం. ఈ ఉత్తరం రాయించింది మాత్రం ఇంకో తేడా.

మెలిస్సా కేంద్రంలో గాలి పీడనం 892 మిల్లీబార్లకు పడిపోయిందని అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం ప్రకటించింది. ఆ అంకె వెనక మనుషులున్నారు. తుపాను కన్నులోకి విమానాలు తోలుకుని వెళ్ళారు, పరికరాలు జారవిడిచారు, కొలిచారు. కుదుపులకు తాళలేక ఒక విమానం పని మధ్యలోనే వెనక్కి తిరిగింది కూడా. మొంథా నడిసముద్రంలో ఉన్నప్పుడు దాని పీడనం ఇంత, గాలి ఇంత అని మన బులెటిన్లలో వచ్చిన అంకెలు చాలావరకు ఉపగ్రహ చిత్రాలు చూసి కట్టిన అంచనాలు. దగ్గరికి వెళ్ళి చూసొచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. మొంథాకే కాదు, మన బంగాళాఖాతంలో పుట్టే ఏ తుపానుకూ లేరు.

కృష్ణా జిల్లా తీరంలో పుట్టి పెరిగి, వాతావరణం మీద అడపాదడపా నాలుగు ముక్కలు రాసేవాణ్ణి. మీ వాతావరణ శాఖను ఆడిపోసుకోవడానికి రాయడం లేదు. ఇరవై ముప్ఫయ్యేళ్ళ కిందట తుపాను ఎక్కడ తీరం దాటుతుందో చెప్పమంటే జిల్లాలకు జిల్లాలు చుట్టి చూపించేవారు. ఇప్పుడు మండలాల పేర్లతో సహా చెబుతున్నారు. మొంథా దారినీ బలాన్నీ కూడా ముందే సరిగ్గా పట్టుకున్నారు. ఆ గౌరవం ఉంచుకునే అడుగుతున్నాను.

2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను వచ్చినప్పటి గొడవ మీ శాఖ పెద్దలకు బాగా గుర్తుండే ఉంటుంది. అది ఒడిశాలోని గోపాల్‌పూర్ వైపు వస్తుంటే, అమెరికాలో కొందరు నిపుణులు ఇది సూపర్ సైక్లోన్ అనీ, భారత వాతావరణ శాఖ దాన్ని తక్కువ చేసి చెబుతోందనీ అన్నారు. మనవాళ్ళు తమ లెక్క మీదే నిలబడ్డారు. తీరం దాటాక చూస్తే మనవాళ్ళ లెక్కే నిజానికి దగ్గరగా ఉందని తేలింది. పత్రికల్లో అది చదివి మేమూ పొంగిపోయాం. అయితే అవే ఉపగ్రహ చిత్రాలు చూసి ఇద్దరు పండితులు రెండు మాటలు చెప్పారు. ఎవరి మాట నిజమో తేలడానికి తుపాను ఊళ్ళ మీదికి వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. గెలిచినందుకు సంతోషమే గానీ, అసలు ఆ పందెం పడాల్సిన అవసరం ఏమొచ్చిందన్నదే నా సందేహం.

ఆ లెక్క కట్టే పద్ధతి గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ళ కోసం రెండు మాటలు. 1970లలో వెర్నన్ డ్వొరాక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తుపాను మేఘాల ఆకారాన్ని బట్టి దాని బలాన్ని ఊహించే పద్ధతి ఒకటి తయారుచేశాడు. మేఘాలు ఎంతమేర చుట్టుకున్నాయి, కన్ను తెరుచుకుందా, దాని చుట్టూ మేఘాలు ఎంత చల్లగా ఉన్నాయి అన్నవి చూసి టీ నంబరు ఒకటి ఇస్తారు. 1 నుంచి 8 దాకా, అరగడి చొప్పున పెరుగుతుంది. టీ 5 అంటే గాలి వేగం 90 నాట్లు, అంటే గంటకు 167 కిలోమీటర్లు. 5.5 అంటే 102 నాట్లు, 189 కిలోమీటర్లు. బొమ్మ చూసేవారి చూపు అరగడి అటో ఇటో జరిగితే ఇరవై రెండు కిలోమీటర్ల తేడా వచ్చేస్తుంది. ప్రపంచమంతా వాడుతున్న గొప్ప పద్ధతి, అందులో సందేహం లేదు. కానీ ఆ పట్టికను సరిచూసుకున్నది అట్లాంటిక్‌లో, పసిఫిక్‌లో విమానాలు తెచ్చిన కొలతలతో. బంగాళాఖాతం కొలతలు అందులో లేవు, అసలు ఉంటే గదా. మూడు వైపులా భూమి కమ్ముకుని, పైన నదుల మంచినీళ్ళు పొరలాగా పరుచుకుని, ఒడ్డు దగ్గర లోతు తక్కువైన మన సముద్రంలో పుట్టిన తుపానును, ఇంకో సముద్రంలో కొలిచి గీసుకున్న బద్దతో కొలుస్తున్నాం.

విమానాలతో కొలవడం అనే పని ఏ మహా ప్రణాళికతోనూ మొదలవలేదు. 1943 జులై 27న టెక్సాస్‌లో బ్రయన్ ఫీల్డ్ అనే శిక్షణ కేంద్రంలో గాల్వెస్టన్ వైపు హరికేన్ వస్తోందని కబురొచ్చింది. విమానాలను భద్రమైన చోటికి తరలించే మాట నడుస్తోంది. అక్కడ శిక్షణకు వచ్చిన బ్రిటిష్ పైలట్లు, ఈ మాత్రం గాలికే దాచుకోవాల్సిన విమానాలా మీవి అని ఆట పట్టించారట. జోసెఫ్ డక్‌వర్త్ అనే కల్నల్‌కు ఒళ్ళు మండింది. పందెం కాశాడు. రాల్ఫ్ ఒహేర్ అనే నావిగేటర్‌ను వెంటబెట్టుకుని, ఒకే ఒక్క ఇంజను ఉన్న ఏటీ-6 శిక్షణ విమానంలో నేరుగా తుపాను కన్నులోకి వెళ్ళి తిరిగొచ్చాడు. దిగీ దిగగానే అక్కడి వాతావరణ అధికారి నన్నూ తీసుకెళ్ళమని పట్టుబడితే, ఆయన్ను ఎక్కించుకుని మళ్ళీ వెళ్ళాడు. పై అధికారుల అనుమతి లేకుండా, పందెం కోసం మొదలైన ఆ పని తర్వాత ఒక దేశపు రోజువారీ ప్రభుత్వ విధి అయింది. మన దగ్గరైతే ఆ కల్నల్‌కు ముందు మెమో వెళ్ళేది.

ఇప్పుడా పని రెండు చోట్ల నుంచి జరుగుతోంది. మిసిసిపీ రాష్ట్రంలో బిలాక్సీ దగ్గరి కీస్లర్ స్థావరం నుంచి వైమానిక దళం రిజర్వు విభాగానికి చెందిన 53వ దళం పది డబ్ల్యూసీ-130జె విమానాలతో వెళుతుంది. ఫ్లారిడాలో లేక్‌లాండ్ నుంచి వాళ్ళ సముద్ర, వాతావరణ సంస్థ నోవా తన పీ-3 విమానాలను పంపుతుంది. ఆ పీ-3లు రెండు. ఒకదాని పేరు కర్మిట్, రెండోదాని పేరు మిస్ పిగ్గీ, రెండూ పిల్లల బొమ్మలాటలో పాత్రలే. మా దివిసీమలో ఉప్పెన వచ్చిన 1977కు ఒకటి రెండేళ్ళ ముందు కొలువులో చేరిన విమానాలు, ఇప్పటికీ పనిచేస్తున్నాయి. వాటి స్థానంలో కొత్తవి కొనడానికి 2024లో ఒప్పందం కుదిరింది.

లోపల జరిగేది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మన దగ్గర ఈ పనిని సాహసగాథగా తప్ప కొలతల పనిగా చూసే అలవాటు లేదు. వైమానిక దళం విమానంలో మామూలుగా ఐదుగురుంటారు. ఇద్దరు పైలట్లు, ఒక నావిగేటర్, ఒక వాతావరణ అధికారి, పరికరాలు జారవిడిచే మనిషి ఒకరు. పెద్ద తుపానైతే పది వేల అడుగుల ఎత్తున వెళతారు. తుపానుకు అటు చివర నుంచి ఇటు చివరకు కన్ను మీదుగా దాటి, పక్కకు జరిగి, మళ్ళీ అడ్డంగా దాటుతారు. మ్యాపు మీద చూస్తే ఇంటూ మార్కు పడుతుంది. బలమంతా కన్ను చుట్టూ కట్టుకున్న మేఘాల గోడలో ఉంటుంది. అక్కడ కొన్ని నిమిషాలు కిటికీ అవతల బూడిద రంగు తప్ప ఏమీ కనపడదు, రెక్కల మీద వాన బకెట్లతో కుమ్మరించినట్టు పడుతుంది. ఉన్నట్టుండి కుదుపులు ఆగిపోతాయి, పైన నీలాకాశం, చుట్టూ ఆకాశాన్నంటే తెల్లటి మేఘాల గోడ, కింద సముద్రం నురగలు కక్కుతూ ఉంటుంది. అదీ కన్ను.

అసలు పని అక్కడే. జారవిడిచే పరికరాన్ని డ్రాప్‌సోండ్ అంటారు. మూరకు కాస్త తక్కువ పొడవున్న అట్ట గొట్టం, అరకిలో బరువు కూడా ఉండదు, తలమీద చిన్న పారాచూట్. లోపల పీడనం, వేడి, తేమ కొలిచే సాధనాలు, జీపీఎస్, రేడియో. గొట్టంలో పెట్టి వదిలితే సముద్రంలో పడేదాకా మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ కాసేపట్లో సెకనుకు రెండు సార్లు చొప్పున కొలతలు పైకి పంపుతూనే ఉంటుంది. నీళ్ళలో పడ్డాక దాని పని అయిపోయినట్టే. పడిన చోట గాలి లేకపోతే సరిగ్గా కేంద్రంలో పడిందని అర్థం. అక్కడా గాలి వీస్తోందంటే గురి కాస్త తప్పినట్టు. అప్పుడు ప్రతి పది నాట్ల గాలికీ ఒక మిల్లీబారు తగ్గించి కేంద్ర పీడనం లెక్క వేస్తారు. విమానం రెక్క కింద ఇంకో పరికరం ఉంటుంది. గాలి పెరిగేకొద్దీ సముద్రం మీద నురగ పెరుగుతుంది, నురగను బట్టి నీటి నుంచి వచ్చే మైక్రోవేవ్ తరంగాలు మారతాయి. దాన్ని చదివి కింద గాలి వేగం చెబుతుంది. పీ-3 తోకలో ఉన్న డాప్లర్ రాడార్ తుపాను లోపల గాలులను మూడు దిక్కులా గీసి చూపిస్తుంది. ఈ వివరాలన్నీ విమానం ఇంకా గాలిలో ఉండగానే మయామీలోని హరికేన్ కేంద్రానికి చేరతాయి, అక్కడి నుంచి కంప్యూటర్ నమూనాల్లోకి వెళతాయి.

పీటర్ డాడ్జ్ అని నోవాలో రాడార్ శాస్త్రవేత్త ఒకాయన ఉండేవారు. 386 సార్లు తుపానుల కన్నులోకి వెళ్ళొచ్చారు. చివర్లో కంటి చూపు దెబ్బతిని విమానం ఎక్కడం మానుకున్నారు, 2023లో పోయారు. 2024 అక్టోబరులో మిల్టన్ హరికేన్‌లోకి వెళ్ళిన పీ-3 సిబ్బంది ఆయన చితాభస్మాన్ని ఆ డ్రాప్‌సోండ్ గొట్టంలోంచే తుపాను కన్నులోకి వదిలారు. ఆ వేళ విమానం నుంచి వెళ్ళిన అధికారిక సందేశంలో, పీడనం, గాలి వేగం అంకెల కింద వ్యాఖ్యల వరుసలో, ఆయన పేరు, పుట్టిన పోయిన సంవత్సరాలు, 387వ ప్రవేశం అన్న మాటలు చేర్చారు. ప్రభుత్వ సందేశాల్లో అంత మంచి వాక్యం నేను చదివి చాలా కాలమైంది.

ఇందులో ప్రాణాపాయం లేదని చెప్పను. ఇన్నేళ్ళలో ఆరు అమెరికన్ విమానాలు తిరిగి రాలేదు, 53 మంది పోయారు. అట్లాంటిక్‌లో పోయింది ఒక్కటే. 1955లో జానెట్ హరికేన్‌లోకి వెళ్ళిన నౌకాదళ విమానం, అందులో పదకొండు మంది, వాళ్ళలో ఇద్దరు కెనడా పత్రికల వాళ్ళు. చివరిది 1974లో పసిఫిక్‌లో బెస్ టైఫూన్‌లో. ఆ తర్వాత ఇంతవరకూ ఒక్కటీ పోలేదు. 1989లో హ్యూగో హరికేన్ వేళ మాత్రం వెంట్రుకవాసిలో తప్పింది. సెప్టెంబరు 15న కర్మిట్ దానిలోకి వెళ్ళింది, అంతకుముందు ఏ విమానమూ అందులోకి వెళ్ళలేదు. ఉపగ్రహ అంచనాల ప్రకారం అది మరీ అంత పెద్దది కాదు. ఆ ధైర్యంతో 1,500 అడుగుల ఎత్తునే లోపలికి దూరారు. లోపల ఉన్నది అత్యంత తీవ్రమైన అయిదో స్థాయి హరికేన్. మేఘాల గోడలో ఒక ఇంజను మంటలు కక్కింది, విమానం తొమ్మిది వందల అడుగుల లోపుకు జారింది. ఎలాగో కన్నులో పడి, మంట ఆర్పుకుని, మిగిలిన మూడు ఇంజన్లతో అక్కడే గింగిరాలు తిరుగుతూ పైకి ఎక్కారు. వైమానిక దళం విమానం ఒకటి వచ్చి ఏ వైపు గోడ కాస్త మెత్తగా ఉందో చూసి దారి చూపిస్తే బయటపడ్డారు. ఈ కథను పైలట్ల ధైర్యానికి గుర్తుగా చెబుతుంటారు. నాకు మాత్రం ఉపగ్రహ చిత్రం ఎంత దాచగలదో చెప్పే కథగా కనిపిస్తుంది.

ఈ పని మానేస్తే ఏమవుతుందో కూడా చూశాం. పశ్చిమ పసిఫిక్ టైఫూన్లలోకి గువామ్ నుంచి వెళ్ళే విమానాలను అమెరికా 1987లో ఆపేసింది. ఉపగ్రహాలు ఉన్నాయి గదా, ఖర్చెందుకు అన్నారు. 2013లో ఫిలిప్పీన్స్‌ను ఊడ్చిపెట్టిన హయాన్ టైఫూన్ కేంద్ర పీడనం ఎంతో ఈ రోజుకీ అంచనాయే. రెండేళ్ళ తర్వాత మెక్సికో తీరానికి వచ్చిన పట్రిషియా 872 మిల్లీబార్లు, అది విమానం కొలతల మీద నిలబడిన లెక్క.

విమానం ఉంటే చాలు, తుపాను దాసోహమంటుందని కూడా అనుకోను. 2023 అక్టోబరులో ఓటిస్ హరికేన్ మెక్సికోలోని అకపుల్కో మీద పడ్డప్పుడు కంప్యూటర్ నమూనాలన్నీ అది మామూలు తుపానే అన్నాయి. మధ్యాహ్నం పూట వెళ్ళిన విమానం లోపల చూసి, ఇది ఉపగ్రహం చెబుతున్న దానికంటే చాలా బలంగా ఉందని కబురు పంపింది. అర్ధరాత్రి దాటాక అయిదో స్థాయి హరికేన్‌గా ఊరి మీద పడింది. మధ్యలో దొరికింది కొన్ని గంటలే. అంతకు ముందు రోజు మరో విమానం వెళ్ళి ఉంటే ఎలా ఉండేదో ఎవరూ చెప్పలేరు.

మన దగ్గర ఆ కొన్ని గంటలకు ఎంత విలువో తీరంలో ఉన్నవాళ్ళకు తెలుసు. అక్టోబరు ఆఖరుకు కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి పొట్ట మీద ఉంటుంది, ముందు వేసిన చోట్ల కోతకు వస్తుంది. వాయుగుండం అని టీవీలో వినగానే రైతు అడిగేది ఒకటే, కొయ్యమంటారా ఆగమంటారా అని. పచ్చిగా కోస్తే గింజ తూకం పోతుంది, కొయ్యకపోతే చేను పడిపోయి నీళ్ళలో నానుతుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలికీ 100 కిలోమీటర్ల గాలికీ ఆ చేలో ఉండే తేడా ఒక సంవత్సరం తిండి. గిలకలదిండి రేవులో బోటు యజమాని లెక్క వేరు. ఎన్ని రోజులు వేట ఆపాలి, ఐసు కరిగిపోతే ఎవరిస్తారు, కూలీలకు ఏం చెప్పాలి. వాతావరణ శాఖ వాళ్ళు అనుమానం ఉంటే కాస్త ఎక్కువే చెబుతారు, అది తప్పు కాదు, వాళ్ళ స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. కానీ నాలుగుసార్లు పిల్లా జెల్లాతో తుపాను షెల్టరుకు వెళ్ళి, ఏమీ కాక తిరిగొచ్చిన మనిషి ఐదోసారి గుమ్మం దాటడు. అటు 2017లో ఓఖీ వేళ జరిగింది దీనికి తిరగబడిన కథ. కన్యాకుమారి దగ్గర అది ఒక్క రోజులో తుపానుగా మారేసరికి తమిళనాడు, కేరళ మత్స్యకారులు వందల మంది అప్పటికే నడిసముద్రంలో ఉన్నారు. చాలామంది తిరిగి రాలేదు.

ఉప్పెన సంగతి ఇంకా సున్నితం. 1977 నవంబరు 19న మా దివిసీమను ముంచింది గాలి కాదు, నీళ్ళు. సర్కారు లెక్కల్లోనే దాదాపు పది వేల మంది పోయారు. ఉప్పెన ఎంత ఎత్తు లేస్తుందో, ఎంత దూరం లోపలికి వస్తుందో ఇప్పుడు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కంప్యూటర్లు ముందే లెక్క కట్టి చెబుతున్నాయి. ఆ లెక్కకు కావాల్సిన ముడిసరుకులో ముఖ్యమైనవి రెండు. కేంద్రంలో పీడనం ఎంత పడిపోయింది, అతి బలమైన గాలులు కేంద్రానికి ఎంత దూరంలో ఉన్నాయి. గాలి వేగం ఒకటే అయినా, ఆ దూరం ఇరవై కిలోమీటర్లయితే ఒక ఉప్పెన, యాభై అయితే ఇంకో ఉప్పెన. ఈ రెండు అంకెలనూ నేరుగా తెచ్చి చేతిలో పెట్టగలిగింది విమానం ఒక్కటే. తుపాను ఒడ్డుకు దగ్గరయ్యాక మచిలీపట్నం, విశాఖ రాడార్లు కొంత చూపిస్తాయి, నిజమే. అప్పటికి మిగిలే వ్యవధి ఎంత? పైగా 2014లో హుద్‌హుద్ కన్ను విశాఖ మీదుగా వెళ్ళిన రోజు, అక్కడి రాడారే దెబ్బ తిని మూగబోయింది. సముద్రంలో కట్టేసిన తేలియాడే పరికరాలు మంచి పని చేస్తాయి, కానీ తుపాను సరిగ్గా వాటి మీదుగా వెళ్ళాలి.

ఇక డబ్బు. అమెరికా వాళ్ళకు ఉంది, చేసుకుంటున్నారు, మనకెక్కడ కుదురుతుంది అంటారు. తైవాన్ 2003 నుంచి చిన్న జెట్ విమానంలో టైఫూన్ల చుట్టూ తిరుగుతూ డ్రాప్‌సోండ్‌లు వదులుతోంది. కన్నులోకి వెళ్ళదు, అంత ఎత్తున పక్క నుంచే పోతుంది, ఆ కొలతలే దారి అంచనాకు పనికొస్తున్నాయి. హాంకాంగ్ కూడా తమ ప్రభుత్వ విమానంతో ఈ పని చేస్తోంది. 2017లో జపాన్ విశ్వవిద్యాలయ బృందం ఒకటి లాన్ టైఫూన్ కన్నులోకే చిన్న జెట్‌లో, పదమూడు కిలోమీటర్ల ఎత్తున వెళ్ళింది. వీళ్ళెవరూ కీస్లర్ లాంటి స్థావరం కట్టుకోలేదు.

మనకు ఈ పని పూర్తిగా కొత్త కూడా కాదు. 1963 మే నెలలో, అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధన రోజుల్లో, అమెరికా వాతావరణ సంస్థ పరిశోధక విమానాలు అరేబియా సముద్రంలో ఒక తుపానులోకి వెళ్ళాయి. ఆ కొలతల మీద మన శాఖ శాస్త్రవేత్తలు రామన్, శ్రీనివాసన్, అమెరికన్ శాస్త్రవేత్త కోలోన్‌తో కలిసి రాసిన వ్యాసం 1970లో మన వాతావరణ శాఖ పత్రికలోనే వచ్చింది. అరవై ఏళ్ళు దాటాయి. 2008లో మీ మంత్రిత్వ శాఖ బంగాళాఖాతం తుపానుల మీద ప్రయోగాత్మక అంచనా కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, విమానాలతో పరిశీలన కూడా అందులో ఒక అంశం. ఆ అంశం కాగితం దాటి రాలేదు.

మన దగ్గర ఉన్నవి ఒకసారి చూడండి. 53వ దళం వాడే విమానం రకమే, సి-130జె, 2011 నుంచి మన వైమానిక దళంలో ఉంది. అది రవాణాకు కొన్న విమానం. దాన్ని ఉన్నపళంగా కన్నులోకి తోలమని నేను అడగను, పరికరాలు కావాలి, మార్పులు కావాలి, శిక్షణ కావాలి. కానీ ఆ విమానాన్ని ఎగరేయగలవాళ్ళు, బాగుచేయగలవాళ్ళు మన దగ్గర ఉన్నారు. అంతెందుకు, ప్రపంచమంతటా ఎగిరే సి-130జెల తోక భాగాలు తయారయ్యేది హైదరాబాద్ శివారు ఆదిభట్లలో. అమెరికా హరికేన్‌లోకి వెళ్ళడానికి పనికొచ్చే తోక ఇక్కడ తయారై ఓడెక్కిపోతోంది, బంగాళాఖాతం మీదికి మాత్రం రాదు. పుణేలోని మీ ఉష్ణమండల వాతావరణ సంస్థ 2009 నుంచి కైపీక్స్ ప్రయోగం కోసం అద్దె విమానాలను మేఘాల్లోకి పంపుతూ వచ్చింది. అంటే మేఘంలోకి పరికరాలతో వెళ్ళిరావడం తెలిసిన శాస్త్రవేత్తలూ ఉన్నారు. 2024లో రెండు వేల కోట్లతో మిషన్ మౌసమ్‌కు ఆమోదం తెలిపారు. రాడార్లు, కంప్యూటర్లు కొంటున్నారు. అవీ కావాలి. ఆ చిట్టాలో ఇంకో వరుసకు చోటుండదా?

ఏడాదికి రెండు మూడు తుపానులు భూమి మీదికొస్తే, వాటి కోసం విమానం కొని ఏడాదంతా కూర్చోబెడతామా అని ఆర్థిక శాఖ అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. కూర్చోబెట్టక్కర్లేదు. వేసవిలో రెండు నెలలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మూడు నెలలు పిలిస్తే పలికే, ఎత్తున ఎగిరే ఒక జెట్ చాలు. మిగతా కాలం మేఘాల పరిశోధనకో, రుతుపవనాలకో వాడుకోవచ్చు. మన తుపానులు పెద్ద సముద్రాల్లోలా పది రోజులు తిరగవు, పుట్టిన రెండు మూడు రోజుల్లో ఒడ్డెక్కుతాయి. విశాఖ నుంచో చెన్నై నుంచో బయల్దేరితే బంగాళాఖాతంలో అవి ఎక్కడున్నా అందేంత దూరంలోనే ఉంటాయి. బంగ్లాదేశ్, మయన్మార్ గగనతలం సంగతి అడుగుతారు. ఈ ప్రాంతపు దేశాలకు తుపాను హెచ్చరికలు పంపే బాధ్యత ఢిల్లీ కేంద్రానిదే, వాళ్ళందరూ కూర్చునే ఉమ్మడి వేదిక 1972 నుంచి ఉంది. అనుమతి అడగడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. వాళ్ళ ఒడ్డున పోయిన ప్రాణాలు మనకంటే ఎక్కువ, వద్దంటారని నేననుకోను.

నేను అడిగే మొదటి అడుగు చిన్నదే. వచ్చే అక్టోబరు కాకపోతే ఆ పై అక్టోబరు, తైవాన్ పద్ధతిలో, తుపాను చుట్టూ ఎత్తున తిరిగి డ్రాప్‌సోండ్‌లు వదిలే ఒక విమానం. కన్నులోకి వెళ్ళడం ఆ తర్వాత, అనుభవం వచ్చాక, ముందుకొచ్చిన వాళ్ళతో, వాళ్ళ కుటుంబాలకు పూర్తి భరోసా ఇచ్చాక. ఇంకొకటి. అమెరికాలో విమానం ఇంకా తుపానులో ఉండగానే దాని సందేశాలు అందరికీ కనిపిస్తాయి. కీస్లర్ విమానం ఇప్పుడెక్కడుంది, ఎంత పీడనం కొలిచింది అన్నది బందరులో కూర్చుని నేను చూడగలను. చూశాను కూడా. మన విమానం కొలతలు కూడా అలాగే జిల్లా కలెక్టర్‌కూ, రేవులో మత్స్యకారుల సంఘానికీ, చదువుకునే కుర్రాడికీ ఒకేసారి కనిపించాలి. దస్త్రంలో దాచి, ఆర్నెల్ల తర్వాత నివేదికగా అచ్చువేస్తే దానివల్ల చేలో వరికి ఒరిగేదేమీ లేదు.

ఈ ఉత్తరానికి నాకు విడిగా జవాబు రాయక్కర్లేదు. పార్లమెంటులో చెప్పినా సరే, పత్రికా ప్రకటన ఇచ్చినా సరే. 2008 నాటి ఆ అంశం ఎక్కడ ఆగిందో, డబ్బు దగ్గర ఆగిందో, అనుమతుల దగ్గర ఆగిందో, లేక ఎవరి బల్ల మీదా లేకుండా పోయిందో అందులో చెబితే చాలు.

ఇట్లు,
మచిలీపట్నం నుంచి ఒక పౌరుడు